హోఫర్ వారి ఆడపడుచు

ఆ రోజు పొద్దున నా బ్యాంకు ఖాతాలోకి ఎవరో దూరడానికి చూశారని సెల్‌ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కంగారుపడి కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. స్పీకరు పెట్టి, టీ తాగుతూ, అవతలి అమ్మాయి అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతున్నాను. పుట్టినరోజు, ఇంటి పోస్టుకోడ్, చివరిసారి కార్డుతో కొన్న వస్తువు. ఆఖరున ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగింది. మీ తల్లిగారి పుట్టింటి ఇంటిపేరేమిటని.

తడుముకోకుండా చెప్పాను. ఈ దేశం వచ్చిన 22 ఏళ్ళ నుంచీ చెబుతున్న జవాబే. సరిపోయిందంది ఆ అమ్మాయి.

డైనింగ్ టేబుల్ దగ్గర గోరుచిక్కుళ్ళు తుంచుతున్న అమ్మ తలెత్తి నావంక చూసింది. మళ్ళీ తలొంచుకుని తుంచుకుంటూ పోయింది.

డబ్బేమీ పోలేదు. కానీ పాత జవాబులు ఎవరి చేతిలోనైనా పడి ఉండొచ్చు కాబట్టి వాటిని ఈ రోజే మార్చుకోమంది ఆ అమ్మాయి. ఎక్కడా రాసి లేనిది, ఇంకెవరికీ తెలియనిది ఏదైనా పెట్టుకోమంది. సాయంత్రం మారుస్తానని ఫోను పెట్టేశాను.

"నా పుట్టింటి పేరుతో ఆ పిల్లకేం పనిరా?" అంది అమ్మ.

చెప్పాను. ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు పెళ్ళవగానే ఇంటిపేరు మార్చుకుంటారు. తల్లి పాత ఇంటిపేరు ఆమె పిల్లలకు తెలుస్తుంది గానీ బయటివాళ్ళకు తెలియదని వీళ్ళ నమ్మకం. అందుకే దాన్ని తాళంచెవిలా వాడతారు.

"కన్నబిడ్డలకైతే తెలుస్తుందని" అంది అమ్మ.

అడుగుతోందో, తనలో తను అనుకుంటోందో నాకు తెలియలేదు. నేనప్పటికే బూట్లు వెతుక్కుంటున్నాను. ఆ రోజు సెలవు పెట్టింది అమ్మకు నేషనల్ గ్యాలరీ చూపించడానికి. అమ్మ లండన్ రావడం అది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డుపడి అక్కడికి తీసుకెళ్ళలేకపోయాను. ఆ లోటు నన్ను చాలా బాధపెట్టేది. ఎందుకంటే మన ఊళ్ళ నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా నేను తప్పకుండా అక్కడికి తీసుకెళ్ళి ఒక బొమ్మ ముందు నిలబెడతాను. బావమరిదిని నిలబెట్టాను, చిన్ననాటి స్నేహితుల్ని నిలబెట్టాను, స్నేహితుల అత్తమామల్ని కూడా నిలబెట్టాను. ఆ బొమ్మలో ఉన్నావిడ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఎవర్నీ తిరిగి ఇంటికి తీసుకురాలేదు. అమ్మకు మాత్రం చూపించలేదు.

హౌన్స్‌లోలో పికడిల్లీ లైను రైలెక్కి లెస్టర్ స్క్వేర్‌లో దిగాం. అక్కడి నుంచి నాలుగడుగులు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మెట్ల దగ్గర నా భుజం పట్టుకుంది. 1824లో మొదలైన గ్యాలరీ అది, లోపలికి పోవడానికి టికెట్టు లేదు. ఇంత పెద్ద భవంతిలోకి ఊరికే రానిస్తారా అని అమ్మ రెండుసార్లు అడిగింది. వాన్ గో పొద్దుతిరుగుడు పువ్వుల వైపు జనం వెళుతుంటే నేను అమ్మను పాత బొమ్మలున్న గదుల వైపు నడిపించాను.

ఆ బొమ్మ పెద్దదేం కాదు. 54 సెంటీమీటర్ల ఎత్తు, 41 సెంటీమీటర్ల వెడల్పు. ఫర్ చెట్టు పలక మీద నూనె రంగులతో గీసింది. సుమారు 1470లో, ఇప్పటి దక్షిణ జర్మనీలో స్వాబియా అనే ప్రాంతంలో గీశారు. ముదురు రంగు నేపథ్యం మీద ఒక నడివయసు స్త్రీ. మొహం ప్రశాంతంగా ఉంటుంది. తల చుట్టూ తెల్లటి నారబట్ట, పొరలు పొరలుగా, మడతలు మడతలుగా. చేతివేళ్ళ మధ్య చిన్న నీలిపువ్వుల కొమ్మ. పైన రెండు మాటలు రాసి ఉంటాయి.

నేనింకా నోరు తెరవకముందే అమ్మ ఒక పని చేసింది. చీర కొంగు చేతిలోకి తీసుకుని "ఉష్" అంటూ బొమ్మ వైపు విసిరింది.

గది మూలన కూర్చున్న కాపలామనిషి లేచి నిలబడ్డాడు. అమ్మ చెయ్యి బొమ్మకు తగల్లేదు, మధ్యలో బారెడు దూరం ఉంది. అయినా నా గుండె ఆగినంత పనైంది. ఆయన దగ్గరికొచ్చి, అమ్మ మొహం చూసి, బొమ్మ చూసి, నవ్వి వెళ్ళిపోయాడు.

"తలగుడ్డ మీద ఈగ వాలిందిరా" అంది అమ్మ.

వాలింది. 550 ఏళ్ళు దాటింది అది వాలి. ఆ తెల్లటి బట్ట మీద రెక్కలు ముడుచుకుని, సన్నటి కాళ్ళు ఆనించి, ఇదిగో ఇప్పుడు ఎగురుతుందన్నట్టు ఉంటుంది. చిత్రకారుడు గీసిన ఈగ. ఆ మాట చెబితే అమ్మ నమ్మలేదు. కళ్ళజోడు సర్దుకుని, గీత దాటకుండా ఎంత వంగగలదో అంత వంగి చూసింది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆ కాలం చిత్రకారులకు ఈగ అంటే చేతివాటం చూపించుకునే పరీక్ష. ఈగ ఆవిడ తలగుడ్డ మీద వాలిందా, బొమ్మ మీద వాలిందా అని చూసేవాళ్ళు ఒక్క క్షణం తికమకపడితే గీసినవాడు గెలిచినట్టు. ఇటలీలో వసారి అనే ఆయన 16వ శతాబ్దంలో చిత్రకారుల జీవితాలు రాశాడు. జొట్టో కుర్రవాడిగా ఉన్నప్పుడు గురువు గీసిన బొమ్మ ముక్కు మీద ఈగను గీశాడని, గురువు చిమబుయె దాన్ని నిజం ఈగనుకుని చేత్తో తోలాడని అందులో ఒక కథ ఉంది. ఆ గురువు చేసిన పనే నువ్వూ చేశావమ్మా అన్నాను. ఇంకో అర్థం కూడా చెబుతారు. ఈగ చావుకి గుర్తు. ఈ అందం, ఈ తెల్లటి బట్ట, ఈ ప్రాణం ఎన్నాళ్ళో ఉండవని చెప్పడానికి దాన్ని అక్కడ వాల్చారని.

అమ్మ అంతా విన్నది. విని "గంజికి వచ్చింది" అంది.

"ఏమిటి?"

"గంజిపెట్టిన బట్టరా అది. చూడు, మడత ఎలా నిలబడిందో. గంజి లేకపోతే ఆ నారబట్ట చెవుల మీదికి జారిపోయేది. ఉతికి, గంజిపెట్టి, తడి పూర్తిగా ఆరకముందే మడతపెట్టి ఉంటారు. ఆ గంజి వాసనకి ఈగ వచ్చింది."

తెనాలి దగ్గర పల్లెలో అమ్మ నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కింది. గుడ్డను చూసి అది ఎన్ని ఉతుకులు చూసిందో చెప్పగలదు. ఆ బొమ్మ గురించి నేను చదివిన దేంట్లోనూ ఆ మాట లేదు. ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు ఆ బొమ్మ ముందు. ఈగను చూశాను గానీ, అది ఎందుకు వాలిందని ఒక్కసారి అడుక్కోలేదు.

"పైన ఏం రాశారు?" అంది.

"గెబోర్నె హోఫెరిన్."

"హోపరిన్."

"హోపరిన్ కాదమ్మా. హోఫెరిన్."

"హో... ఫెరిన్." రెండుసార్లు సరిచేశాక పలికింది. "ఆవిడ పేరా?"

కాదన్నాను. నేను ప్రతి చుట్టానికీ చెప్పే మాటలు అక్కడే మొదలవుతాయి. హోఫర్ అనేది ఇంటిపేరు. ఆ రోజుల్లో జర్మన్లు ఆడవాళ్ళ విషయంలో ఇంటిపేరు చివర 'ఇన్' చేర్చేవారు. గెబోర్నె అంటే పుట్టిన. హోఫర్ ఇంట్లో పుట్టిన పిల్ల అని అర్థం. మన దగ్గర ఫలానా వారి ఆడపడుచు అంటామే, అలా.

"మరి అత్తవారి ఇంటిపేరు?"

"తెలియదు."

"ఆవిడ పేరు?"

"అదీ తెలియదు."

"గీసినాయన పేరైనా తెలుసా?"

"తెలియదమ్మా. ఆ కాలంలో చాలామంది బొమ్మ మీద పేరు వేసుకునేవాళ్ళు కాదు."

అమ్మ కాసేపు ఈగనే చూస్తూ నిలబడింది. "ఈగ కాళ్ళు కూడా పట్టిపట్టి గీశాడే. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసుంటాడు. పేరు అడగలేదంటావా?"

అడిగే ఉంటాడన్నాను. ఆ రోజున ఆ ఇంట్లో అందరికీ తెలిసిన పేరే కాబట్టి రాయనక్కర్లేదనుకుని ఉంటారు. అందరికీ తెలిసినవే ముందు పోతాయి. ఆవిడ పోయాక పిల్లలకు తెలుసు, మనవలకు తెలుసు, ఆ తర్వాత ఒక తరం దగ్గర తెగిపోయింది. బొమ్మ మాత్రం చేతులు మారుతూ వచ్చింది. జర్మనీలో పుట్టి విక్టోరియా రాణిని పెళ్ళాడిన ఆల్బర్ట్ యువరాజు దగ్గరికి చేరింది. ఆయన 1861లో పోతే, ఆయన కోరిక ప్రకారం రాణి 1863లో దీన్ని గ్యాలరీకి ఇచ్చేసింది. ఇచ్చినవాళ్ళ పేరుంది, ఎవరి కోరిక మీద ఇచ్చారో ఉంది, ఇచ్చిన ఏడాది ఉంది, గ్యాలరీ జాబితాలో ఈ బొమ్మకు 722 అని నంబరుంది. ఆవిడ పేరొక్కటే లేదు.

"చేతిలో ఏం పువ్వు?" అంది అమ్మ.

నేను ఎదురుచూసే ప్రశ్న అది. ఎవరూ అడగకపోతే నేనే అడిగి నేనే చెబుతాను.

"దాన్ని ఇంగ్లీషులో ఫర్గెట్ మీ నాట్ అంటారు. జర్మన్‌లో ఫెర్గిస్‌మైన్‌నిష్ట్. రెండు భాషల్లోనూ అర్థం ఒక్కటే. నన్ను మరిచిపోకు అని."

ఈ మాట దగ్గర నా గొంతు జీరబోతుంది. అది నటన కాదు, ఎన్నిసార్లు చెప్పినా అంతే. నన్ను మరిచిపోకు అని ఒక మనిషి చేతిలో పువ్వు పట్టుకుని నిలబడింది. లోకం ఆ పువ్వు పేరు గుర్తుపెట్టుకుని ఆ మనిషి పేరు మరిచిపోయింది. ఇంతకంటే అన్యాయం ఏముంటుందమ్మా అన్నాను. ఒక మనిషి దగ్గర పేరు తీసుకోవడమంటే ఆ మనిషి బతికిన రోజులన్నీ తీసుకోవడమే అన్నాను. ఆడవాళ్ళ విషయంలోనే ఇలా ఎక్కువ జరుగుతుందని కూడా అన్నాను.

అమ్మ నావైపు చూసింది. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. ఏమీ అనలేదు.

అదే భవనంలో ఇంకో బొమ్మ చూపించాను. 1526 నుంచి 1528 లోపు గీసింది. గీసింది హాన్స్ హోల్బైన్, ఈ స్వాబియా ప్రాంతపు ఔగ్స్‌బర్గ్‌లో పుట్టిన జర్మన్ చిత్రకారుడు. బతుకుతెరువు కోసం ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఒక స్త్రీని గీశాడు. తెల్లటి బొచ్చు టోపీ, చేతుల్లో గొలుసు కట్టిన ఉడుత, భుజం పక్కన ఒక గోరింక జాతి పక్షి, వెనకాల నీలం రంగు మీద అత్తి కొమ్మలు. గ్యాలరీ 1992లో దీన్ని కొన్నప్పుడు ఈవిడ కూడా పేరు లేని మనిషే. ఉడుత, పక్షి ఉన్న స్త్రీ అనేవాళ్ళు. 2004లో ఒక పరిశోధకుడికి తట్టింది. లవెల్ అనే కుటుంబం వంశచిహ్నంలో ఉడుతలున్నాయి. వాళ్ళ ఊరు ఈస్ట్ హార్లింగ్. ఈ పక్షిని ఇంగ్లీషులో స్టార్లింగ్ అంటారు. ఊరి పేరును పక్షితో చెప్పించాడన్నమాట చిత్రకారుడు. అలా ఆవిడ యాన్ లవెల్ అని తేలింది. పేరు దొరకడానికి 470 ఏళ్ళకు పైగా పట్టింది.

"లవెల్ అంటే పుట్టింటి పేరా?"

"కాదమ్మా, అత్తింటిది. ఆ ఊరూ వాళ్ళదే, ఉడుతా వాళ్ళదే."

అమ్మకు కాళ్ళు లాగుతున్నాయంటే గది మధ్యలో ఉన్న బల్ల మీద కూర్చున్నాం. అక్కడ కూర్చుని ఇంకో కథ చెప్పాను. అది ఆ గ్యాలరీలో లేని బొమ్మ గురించి. ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అని, హోఫర్ ఆడపడుచును గీసిన కాలంలోనే, 1471లో, న్యూరెంబర్గ్‌లో పుట్టాడు. జర్మనీ చిత్రకారుల్లో ఆయన పేరు వినని వాళ్ళుండరు. ఆయన సంతకం, ఒక ఏ అక్షరం కాళ్ళ మధ్య చిన్న డి అక్షరం, అప్పట్లోనే నకిలీలు పుట్టేంత పేరు పొందింది. ఆ న్యూరెంబర్గ్ మ్యూజియంలోనే ఎర్రటి దుస్తులు, తెల్లటి తలగుడ్డ వేసుకున్న ఒక స్త్రీ బొమ్మ చాలాకాలం ఎవరో గీసిన ఎవరిదో బొమ్మగా ఉండిపోయింది. 1970ల చివర్లో లోటే బ్రాండ్ ఫిలిప్ అనే కళాచరిత్రకారిణి ఇది ఫ్లోరెన్స్‌లో ఉన్న డ్యూరర్ తండ్రి బొమ్మకు జత అని చెప్పింది. అంటే అది డ్యూరర్ తల్లి. పందొమ్మిదేళ్ళ వయసులో, పని నేర్చుకోవడానికి ఊళ్ళు తిరగబోయే ముందు కొడుకు గీసుకున్న తల్లి బొమ్మ.

"కన్నకొడుకు గీసినా గుర్తుపట్టడానికి అన్నేళ్ళా?" అంది అమ్మ.

"అవును. ఆవిడ పేరు బార్బరా. పదిహేనేళ్ళకు పెళ్ళి. పద్దెనిమిది మంది పిల్లల్ని కన్నది. ముగ్గురే పెరిగి పెద్దయ్యారు. ఆవిడ చనిపోయే రెండు నెలల ముందు, 1514లో, డ్యూరర్ మళ్ళీ ఒకసారి బొగ్గుతో గీశాడు. నుదుటి మీద ముడతలు, మెడ దగ్గర ఎముకలు, ఉన్నదున్నట్టు. పైన రాశాడు కూడా. ఇది డ్యూరర్ తల్లి, వయసు 63 అని."

"పేరు రాయలేదా?"

నేను ఆగాను. ఆ బొమ్మను పుస్తకాల్లో ఎన్నిసార్లు చూశానో. నిజమే, బొమ్మ మీద బార్బరా అని లేదు. తల్లి అనే ఉంది.

"బొమ్మ మీద రాయలేదు. కానీ ఇంటి చరిత్ర విడిగా రాసిపెట్టాడమ్మా. అమ్మ పేరు, అమ్మ తండ్రి పేరు, వాళ్ళది హోల్పర్ ఇంటిపేరని, ఆయన కంసాలి అని, అన్నీ రాశాడు. అందుకే ఇవాళ మనకు తెలుస్తోంది."

"మంచి పిల్లాడు" అంది అమ్మ.

బల్ల మీద నుంచి లేస్తూ నా చెయ్యి పట్టుకుంది. "ఒకావిడకి పుట్టింటి పేరు మిగిలింది. ఒకావిడ అత్తింటి ఉడుతవల్ల దొరికింది. ఒకావిడ కొడుకువల్ల..." అంటూ మధ్యలో ఆగిపోయింది. మాట పూర్తి చేస్తుందేమోనని చూశాను. చెయ్యలేదు. బయటికి వచ్చే ముందు ఇంకోసారి ఆ మొదటి బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళమంది. ఈసారి ఈగ వైపు చూడలేదు, పువ్వు వైపు చూడలేదు. పైన ఉన్న రెండు మాటల వైపే చూసింది. "హోఫెరిన్" అని నెమ్మదిగా, తప్పు లేకుండా పలికింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని అమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. నాకు ఎంతో తృప్తిగా ఉంది. ఇన్నాళ్ళకు అమ్మకు ఆ బొమ్మ చూపించాను. అందరికంటే బాగా అమ్మే చూసింది.

రాత్రి భోజనాలయ్యాక బ్యాంకు సంగతి గుర్తొచ్చింది. లాప్‌టాప్ తెచ్చుకుని టేబుల్ దగ్గర కూర్చున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని మర్నాటి పెరుగుకు పాలు చల్లారుస్తోంది. గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి.

"ఒరేయ్, పొద్దున నువ్వా పిల్లకి చెప్పిన ఇంటిపేరు నాది కాదురా" అంది.

నేను తల తిప్పలేదు. "అదేమిటమ్మా, మామయ్యావాళ్ళ ఇంటిపేరే కదా చెప్పాను."

"వాళ్ళది చెప్పావు. నాది కాదు."

అప్పుడు తల తిప్పాను.

తెలియని కథ కాదు నాకు. అమ్మకు మూడేళ్ళప్పుడు ఏడాది తేడాలో తల్లీ తండ్రీ పోయారు. అమ్మ వాళ్ళ పెద్దమ్మ వచ్చి ఎత్తుకుపోయి సొంత బిడ్డలతో పాటు పెంచింది. మేము అమ్మమ్మ అన్నది ఆ పెద్దమ్మనే. మామయ్యలన్నది ఆవిడ కొడుకుల్నే. వేసవి సెలవులకు వెళ్ళి మామిడిపళ్ళు తిన్నది ఆ ఇంట్లోనే. బళ్ళో వేసినప్పుడు పెదనాన్న ఇంటిపేరే రాయించారు. అమ్మ పెళ్ళి శుభలేఖలోనూ అదే పడింది. ఇదంతా నాకు తెలుసు. అక్కది ఒక ఊరు, చెల్లెలిది ఒక ఊరు, ఇద్దరూ రెండు వేరువేరు ఇళ్ళకు కోడళ్ళుగా పోయారని కూడా తెలుసు. అక్క అత్తవారి ఇంటిపేరు చెల్లెలి కూతురికి ఎలా వస్తుందని యాభై ఏళ్ళలో ఒక్కరోజు నా బుర్రకు తట్టలేదు.

"మరి నాన్నకి?" అన్నాను.

"తెలుసనే అనుకునేదాన్ని. చివర్లో ఆసుపత్రిలో ఒకరోజు మాటల మధ్య బయటపడింది, ఆయనకీ తెలియదని. అప్పుడు చెప్పాను. చెప్పిన పది రోజులకి ఆయన పోయారు."

గ్లాసులోని పాలు గిన్నెలోకి పోసింది.

"ఏమిటమ్మా మీ ఇంటిపేరు?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

చెప్పింది. చిన్న పేరు. నేను ఒకసారి పలికాను. "అలా కాదు, ఒత్తి పలకాలి" అంది. మళ్ళీ పలికాను. మళ్ళీ సరిచేసింది. మూడోసారికి వచ్చింది.

తెరమీద బ్యాంకు పేజీ తెరిచి ఉంది. ముందు పాత జవాబు చెబితే గానీ కొత్తది పెట్టుకోనివ్వదు. తల్లిగారి పుట్టింటి ఇంటిపేరు అని అడుగుతోంది. ఏమనుకున్నానో తెలియదు, ఇప్పుడే నేర్చుకున్న పేరు, నిజమైన పేరు, అందులో కొట్టాను. ఎర్రటి అక్షరాల్లో వచ్చింది. జవాబు తప్పు.

ఇంకోసారి తప్పు కొడితే ఖాతా మూసేస్తామని కింద హెచ్చరిక. చేతులు వణికాయి. 22 ఏళ్ళుగా చెబుతున్న ఆ పాత పేరే కొట్టాను. పచ్చటి అక్షరాల్లో సరిపోయిందని వచ్చింది. దాని కింద కొత్త జవాబు కోసం ఖాళీ గడి తెరుచుకుంది. అందులో సన్నటి గీత వెలిగి ఆరుతోంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో సూచన రాసి ఉంది.

"ఇంకేం అడుగుతోంది?" అంది అమ్మ.

"మీకు తప్ప ఇంకెవరికీ తెలియని పేరు ఏదైనా పెట్టుకోమంటోందమ్మా."

అమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. పాలగిన్నె వేలితో తాకి, గోరువెచ్చగా అయిందో లేదో చూసుకుని, మజ్జిగ చుక్క వేస్తూ అంది.

"అయితే నాది పెట్టుకో నాన్నా."